రోగం ఎక్కడి నుంచి వస్తుంది? పాత వైద్య గ్రంథాలు సేకరించేవారికి ఐదు దారులు

మా నాయనమ్మ కలరాను ఎప్పుడూ గత్తర అనే పిలిచేది. గత్తర గాలిలో వస్తుందని, ఊరి మీదుగా పోతుందని, దాన్ని ఆపడం మనిషి వల్ల కాదని ఆమె నమ్మకం. చాలా ఏళ్ల తర్వాత, 1884లో కలకత్తాలో అచ్చయిన ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతికి వచ్చింది. రాసింది జె.ఎం. కనింగ్‌హామ్, భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్. కలరా మనిషి నుంచి మనిషికి అంటుకోదని, క్వారంటైన్ల వల్ల ఉపయోగం లేదని, ఊరి గాలీ నీరూ నేలా బాగుచేయడమే దారి అని ఆయన వాదన. అదే ఏడాది మొదట్లో, అదే కలకత్తాలో, జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలరా క్రిమిని గుర్తించాడు. ఒక ఊళ్లో, ఒక ఏడాదిలో, రెండు లోకాలు పక్కపక్కనే ఉన్నాయి. నాయనమ్మ మాట మూఢనమ్మకం కాదని, ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు నిలబడి వాదించిన సిద్ధాంతానికి దగ్గరి మాటేనని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి రోగకారణాల మీద రాసిన పాత పుస్తకాలు పోగుచేస్తున్నాను.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు మిత్రులు ఒకటే అడిగారు. మొదలుపెట్టాలని ఉంది, కానీ ఏ వైపు వెళ్లాలి? లాటిన్ పుస్తకాలా, ఇంగ్లీషువా, రోగకారణాలు చెప్పే మన నిదాన గ్రంథాలా? అసలువే కొనాలా, రీప్రింట్లు చాలా? వాళ్లకు విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు తేలాల్సింది మీ ప్రశ్న. "పాత వైద్య పుస్తకాలు" అనేది ఒక సేకరణ కాదు, అది గోదాము. "జ్వరం దేనివల్ల వస్తుందని ఎవరెవరు అనుకున్నారు?" అన్నది సేకరణ. "కలరా నీటివల్లా, గాలివల్లా?" అన్నది ఇంకా మంచి సేకరణ. ప్రశ్న ఎంత చిన్నదైతే డబ్బు అంత తక్కువ వృథా అవుతుంది. నేను మొదటి రెండేళ్లు ఇది తెలియక శస్త్రచికిత్స, మంత్రసానితనం, మందుల తయారీ అన్నీ కొన్నాను. వాటిలో సగం ఇప్పుడు వేరేవాళ్ల బీరువాల్లో ఉన్నాయి.

రెండోది భాష. చదవలేని పుస్తకాన్ని అందం కోసం కొనడం తప్పు కాదు, కానీ అలాంటివి నాలుగు చేరేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది.

మూడోది కాగితం. దీనిమీద కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. పుస్తకం ఎంత పాతదైతే అంత బలహీనంగా ఉంటుందనుకుంటాం. నిజం చాలాసార్లు తిరగేసి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం సగం దాకా కాగితాన్ని ఎక్కువగా గుడ్డపేలికలతో చేశారు. ఆ తర్వాత చెక్కగుజ్జు వచ్చింది. గుజ్జు కాగితంలో ఆమ్లం మిగిలిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసై, మడతపెడితే అప్పడంలా విరుగుతుంది. అందుకే 1658 నాటి పేజీ వేలితో తిప్పితే గుడ్డలా వంగుతుంది, 1900 నాటి పేజీ అంచు పొడిలా రాలుతుంది. వయసు చూసి భయపడొద్దు, కాగితం చూసి భయపడండి.

నాలుగోది సంపూర్ణత. ఈ పుస్తకాల ప్రాణం చాలాసార్లు మడతపెట్టిన పటాల్లోనూ, రంగువేసిన చిత్రాల్లోనూ ఉంటుంది. వాటిని చింపి ఫ్రేముల్లో పెట్టి అమ్మే వ్యాపారం ఎప్పటి నుంచో ఉంది. ఐదోది చట్టం. ముఖ్యంగా తాళపత్రాలు కొనేవారు, పుస్తకాలు దేశం దాటించాలనుకునేవారు ఇది తెలియకుండా అడుగు వేయకూడదు. ధర ఆరోది. దాన్ని కావాలనే చివర పెట్టాను, ఎందుకంటే పై ఐదూ తేలితే ధర తనంతట తానే తేలుతుంది.

## మొదటి దారి: లాటిన్ గ్రంథాలు, నాలుగు ద్రవాల నుంచి అంటు విత్తనాల దాకా

యూరప్‌లో రెండువేల ఏళ్లకు దగ్గరగా రాజ్యమేలిన మాట ఒకటే. ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలున్నాయి, వాటి తూకం తప్పితే రోగం. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పొక్రేట్స్ పేరుతో ఉన్న రచనల్లో మొదలై, తర్వాతి గ్రీకు వైద్యుడు గేలెన్ చేతిలో గట్టిపడిన ఈ సిద్ధాంతాన్ని వెనిస్‌లోని ఆల్డస్ ముద్రణాలయం గ్రీకులో అచ్చువేసింది. గేలెన్ 1525లో, హిప్పొక్రేట్స్ 1526లో వచ్చాయి. ఇవి మ్యూజియంల స్థాయి పుస్తకాలు, మామూలు మనిషి చేతికి అందవు.

ఈ దారిలో నాకు మనసైన పుస్తకం ఇటలీ వైద్యుడు ఫ్రకస్తోరో 1546లో వెనిస్‌లో అచ్చువేసిన అంటురోగాల గ్రంథం. రోగానికి కంటికి కనబడని విత్తనాలుంటాయని, అవి మూడు రకాలుగా పాకుతాయని ఆయన చెప్పాడు. నేరుగా తాకితే, బట్టలూ సామాన్ల ద్వారా, దూరం నుంచి. సూక్ష్మదర్శిని రాకముందు ఈ మాట అన్నాడంటే ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆయన విత్తనాలు మన బాక్టీరియా అనుకోవద్దు. అవి ప్రాణమున్నవని ఆయన అనలేదు. 1658లో రోమ్‌లో కిర్చర్ అనే జెసూట్ పండితుడు ప్లేగు రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసి చిన్న చిన్న పురుగులు కనబడ్డాయని రాశాడు. అప్పటి అద్దాలతో ఆయన ప్లేగు క్రిమిని చూసి ఉండే అవకాశం లేదు. కానీ ప్రాణమున్నదేదో రోగం తెస్తోందన్న ఆలోచన ఆ పుస్తకంలో గట్టిగా ఉంది.

లాటిన్ రాకపోయినా ఈ దారి పూర్తిగా మూసుకుపోదు. ఫ్రకస్తోరో గ్రంథానికి 1930లో న్యూయార్క్‌లో లాటిన్ మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అసలు ప్రతి మీద ఆశ వదులుకుని అది తెచ్చుకోండి. నేనూ అదే చేశాను, ఏ రోజూ చింతించలేదు.

## రెండో దారి: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాలు

చదవగలిగే భాష, గట్టి గుడ్డకాగితం, అందుబాటు ధర, ఈ మూడూ ఒకచోట దొరికేది ఇక్కడే. ఉదాహరణకు 1720లో మార్సేయ్‌లో ప్లేగు విరుచుకుపడ్డప్పుడు, అది లండన్‌కు వస్తే ఏం చేయాలో చెప్పమని ఇంగ్లండ్ ప్రభుత్వం రిచర్డ్ మీడ్ అనే డాక్టర్ని అడిగింది. ఆయన రాసిన చిన్న పుస్తకం ఏడాది తిరగకుండానే మళ్లీ మళ్లీ అచ్చయింది. అన్నిసార్లు అచ్చయింది కాబట్టే మొదటి ముద్రణ కాకుండా తర్వాతివి ఇప్పటికీ అందుతున్నాయి. మన వైపు చరిత్ర మీద ఆసక్తి ఉంటే 1768లో జేమ్స్ లిండ్ వేడిదేశాల్లో యూరోపియన్లకు వచ్చే రోగాల మీద రాసిన గ్రంథం చూడండి. చిత్తడి నేలల చెడుగాలే జ్వరాలకు మూలమన్న నమ్మకం అందులో పేజీ పేజీకీ కనబడుతుంది.

ఇటలీ వైద్యుడు మోర్గాని కథ వేరు. ఆయన 1761లో, 79 ఏళ్ల వయసులో, దాదాపు 700 శవపరీక్షల అనుభవంతో రోగం ద్రవాల్లో కాదు, ఫలానా అవయవంలో ఉంటుందని చూపించాడు. ఇంగ్లీషు అనువాదం 1769లో మూడు సంపుటాలుగా వచ్చింది. మూడూ కలిసి ఉన్న సెట్టే కొనండి. విడి సంపుటం చవగ్గా వస్తుంది గానీ, మిగతా రెండూ జత కలవడం దాదాపు జరగదు.

## మూడో దారి: భారతదేశంలో రాసిన, భారతదేశం గురించి రాసిన పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు

నన్ను ఒక్కటే ఎంచమంటే ఇదే ఎంచుతాను. తెలుగువాడికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో విజృంభించిన కలరా మరుసటి ఏడాదికే మద్రాసు ప్రెసిడెన్సీకి దిగింది. దాని మీద డాక్టర్లు పంపిన సమాచారాన్ని విలియం స్కాట్ కూర్చిన నివేదిక 1824లో మద్రాసులో అచ్చయింది. మన జిల్లాల ఊళ్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో మారువేషం వేసుకుని అందులో కనబడతాయి. గాలివల్లా, నేలవల్లా, అంటువల్లా అని ఎవరికీ తేలక కొట్టుమిట్టాడిన మనుషుల గొంతు కూడా అందులో వినబడుతుంది. జవాబు తెలిసిన తర్వాత రాసిన పుస్తకాల్లో ఆ గొంతు దొరకదు.

మద్రాసులో పనిచేసిన జేమ్స్ ఆన్స్‌లీ 1828లో లండన్‌లో రెండు పెద్ద సంపుటాలు వేశాడు. రోగం వల్ల పాడైన కాలేయం, పేగుల చిత్రాలు 40 అందులో ఉన్నాయి, ఎక్కువ వాటికి చేత్తో రంగులు అద్దారు. సైన్యపు ఆసుపత్రుల అనుభవం, మన వాతావరణం మీద పరిశీలన, అన్ని జ్వరాలకూ వాతావరణమే కారణమన్న పట్టుదల అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఈ పుస్తకం దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఆన్‌లైన్‌లో రెండో సంపుటం ఒక్కటీ "మంచి స్థితిలో" అని చూసి కొన్నాను. వచ్చాక లెక్కపెడితే తొమ్మిది చిత్రాలు లేవు, బ్లేడుతో శుభ్రంగా కోసిన గుర్తులున్నాయి. అమ్మినవారు జవాబివ్వడం మానేశారు. నెల రోజులు దాని వైపు చూడలేదు. ఇప్పుడు చిత్రాల లెక్క చేతిలో లేనిదే ఏ పుస్తకానికీ డబ్బు పంపను.

ఈ దారిలో నా గట్టి సలహా ఒకటుంది. గెలిచిన సిద్ధాంతం పుస్తకాల వెంటే పడొద్దు. కలరా నీటివల్ల వస్తుందని వాదించిన లండన్ డాక్టర్ జాన్ స్నో 1855 పుస్తకం అందరికీ కావాలి. లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా పటం, నీటి కంపెనీల పటం రెండూ ఉన్న అసలు ప్రతి చాలా ఖరీదు. ఆ పుస్తకానికి స్నో సొంత డబ్బు 200 పౌండ్లకు పైగా పెట్టాడని, తిరిగొచ్చింది 200 షిల్లింగులు కూడా కాదని ఆయన మిత్రుడు రాశాడు. ఇప్పటి ధర చూస్తే అది గుర్తొచ్చి బాధేస్తుంది. 1936లో న్యూయార్క్‌లో వచ్చిన పునర్ముద్రణతో స్నో అవసరం తీరుతుంది. ఆ మిగిలిన డబ్బుతో స్నోను ఒప్పుకోనివారి పుస్తకాలు కొనండి. కనింగ్‌హామ్ 1884 పుస్తకం లాంటివి. వాదం మొత్తాన్ని వరసగా చెప్పే మెక్‌నమారా 1876 నాటి కలరా చరిత్ర కూడా పక్కన ఉంచుకోండి. ఓడినవారి పుస్తకాలు తక్కువకు దొరుకుతాయి. తెలివైన మనుషులు ఎందుకు, ఎలా పొరబడ్డారో వాటిలోనే తెలుస్తుంది.

ఇక రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైన్యపు డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. "మలేరియా" అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. చెడుగాలి సిద్ధాంతం పేరులోనే మిగిలిపోయిన ఆ రోగం అసలు దారి మన బేగంపేట దగ్గర దొరికింది. అయితే ఆ సంగతి మొదట పుస్తకంగా రాలేదు. 1897 డిసెంబర్ 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. కోచ్ 1882 నాటి క్షయ వ్యాసం కూడా ఒక బెర్లిన్ వారపత్రికలోనే వచ్చింది. సూక్ష్మజీవుల యుగాన్ని సేకరించాలంటే పుస్తకాల కంటే బైండు చేసిన జర్నల్ సంపుటాలు వెతకాలి. చాలామంది అమ్మేవారికి వాటి లోపల ఏముందో తెలియదు. రాస్ విషయంలో పుస్తకమే కావాలంటే 1910 నాటి మలేరియా నివారణ గ్రంథం, 1923 నాటి ఆత్మకథ ఉన్నాయి. ఆత్మకథ చదవడానికి అన్నిటికంటే హాయిగా ఉంటుంది.

## నాలుగో దారి: సొసైటీ ముద్రణలు, అనువాదాలు, ఫాక్సిమిలీలు

లండన్‌లో 1843లో మొదలైన సిడెన్‌హామ్ సొసైటీ పాత వైద్య గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చి సభ్యులకు పంచింది. ఫ్రాన్సిస్ ఆడమ్స్ అనువదించిన హిప్పొక్రేట్స్ 1849లో, మధ్యయుగాల మహమ్మారుల మీద హెకర్ రాసింది 1844లో వచ్చాయి. తర్వాత వచ్చిన న్యూ సిడెన్‌హామ్ సొసైటీ 1911 దాకా నడిచింది. గాయాల్లో చీము పట్టించే క్రిముల మీద కోచ్ రాసిన పుస్తకాన్ని 1880లో ఇంగ్లీషులో వేసింది అదే.

ఇవి మూలాలు కావు కాబట్టి గొప్ప సేకర్తలు పట్టించుకోరు. నాకు మాత్రం ఇవే అసలైన వరం. నూట యాభై ఏళ్ల నాటి వస్తువు చేతిలో ఉంటుంది, చదవగలిగే భాషలో ఉంటుంది, జేబుకు బరువు కాదు. తోలు అట్టలతో, బంగారు అంచులతో 1970ల తర్వాత అమెరికాలో వచ్చిన ఫాక్సిమిలీలు, అంటే అసలు ప్రతిని ఉన్నదున్నట్టు దించిన నకళ్లు కూడా చదవడానికి బాగుంటాయి. తిరిగి అమ్మేటప్పుడు మాత్రం వాటిని పాత పుస్తకాలుగా ఎవరూ లెక్కించరు.

## ఐదో దారి: మన నిదాన గ్రంథాలు

యూరప్ వాదాలన్నిటికీ మన దగ్గర జతలున్నాయి. చరకంలోని జనపదోధ్వంస అధ్యాయం ఊళ్లకు ఊళ్లే ఒకే రోగంతో ఎందుకు పోతాయని అడిగి, గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడం వల్ల అంటుంది. తాకడం, శ్వాస, కలిసి తినడం, ఒకే పక్క మీద పడుకోవడం, ఒకరి బట్టలూ మాలలూ మరొకరు వాడడం వల్ల కుష్ఠు, జ్వరం, క్షయ, కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి పాకుతాయని సుశ్రుతం నిదానస్థానంలో ఉంది. ఫ్రకస్తోరో పక్కన ఆ శ్లోకం పెట్టి చదవండి. మాధవకరుడి మాధవనిదానం అయితే మొత్తం రోగకారణాలు, లక్షణాల మీదే నడిచే గ్రంథం. మసూరికకు, అంటే మశూచికి, అందులో ప్రత్యేక అధ్యాయం ఉంది. తెలుగునాట పుట్టిన బసవరాజీయం మన వైద్యుల ఇళ్లలో తరాలుగా వాడుకలో ఉంది.

చెన్నపట్నంలో తెలుగు లిపిలో, తెలుగు తాత్పర్యంతో అచ్చయిన పాత ప్రతులు ఇప్పటికీ ఆయుర్వేద కుటుంబాల అటకల మీద, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద దొరుకుతాయి. ధర తక్కువ. కష్టమంతా కాగితంతోనే. చాలావరకు చవక గుజ్జు కాగితం, దానికి తోడు చెదలు, పురుగు తొలిచిన రంధ్రాలు. ఇంకో చిక్కు తేదీ. కొన్ని ప్రతుల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. "ఖర నామ సంవత్సరం" అంటే 1831 కావచ్చు, 1891 కావచ్చు, 1951 కూడా కావచ్చు. అక్షరాల తీరు, కాగితం, ప్రెస్సు చిరునామా చూసి తేల్చుకోవాలి. అమ్మేవారు సహజంగానే పాతదాని వైపు మొగ్గుతారు.

తాళపత్రాలు, చేతిరాత ప్రతులు మాత్రం వేరే సంగతి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువులే. వాటితో వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. తాతగారి తాళపత్రాలు ఇంట్లో ఉంటే అమ్మే ఆలోచన చేయకండి. హైదరాబాద్‌లో వైద్య చరిత్ర కోసమే ఉన్న జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ లాంటి చోట చూపించి, స్కాన్ చేయించి, మూలాన్ని ఎలా కాపాడాలో అడగండి.

## ఒకచోట పెట్టి చూస్తే

| దారి | చదవడం | కాగితం | దొరకడం | ఖర్చు | పెద్ద ప్రమాదం |
|---|---|---|---|---|---|
| 16, 17 శతాబ్దాల లాటిన్ | కష్టం | చాలా గట్టిది | విదేశాల్లోనే | చాలా ఎక్కువ | వేరే ప్రతుల నుంచి తెచ్చి కలిపిన పేజీలు, మార్చిన బైండింగ్ |
| 18వ శతాబ్దం ఇంగ్లీషు | సులువు | గట్టిది | ఎక్కువగా బ్రిటన్ | మధ్యస్థం | విడి సంపుటాలు |
| 19వ శతాబ్దం, భారతదేశం | సులువు | సగం దాకా మంచిది, తర్వాత పెళుసు | ఇక్కడా, బ్రిటన్‌లోనూ | తక్కువ నుంచి చాలా ఎక్కువ | చిత్రాలు, పటాలు లేకపోవడం |
| సొసైటీ ముద్రణలు | సులువు | ఫర్వాలేదు | తేలిక | తక్కువ | పెద్దగా లేదు |
| తెలుగు, సంస్కృత నిదానాలు | తాత్పర్యంతో సులువు | పెళుసు | మన ఊళ్లలోనే | తక్కువ | తేదీ గందరగోళం, చెదలు |

## ఎవరికి ఏది

మెడిసిన్ చదువుతున్నవారు, డాక్టర్లు నాలుగో దారితో మొదలుపెట్టి మూడోదానికి వెళ్లండి. మీరు రోజూ వాడే మాటలు ఎక్కడ పుట్టాయో వాటిలో కనబడుతుంది. ఇంట్లో వైద్య పరంపర ఉన్నవారికి ఐదో దారే సొంతం. ఇంట్లో ఉన్నదాన్ని ముందు కాపాడుకుని, తర్వాత కొనండి. నెలకు వెయ్యి రెండు వేలకు మించి పెట్టలేనివారు ఆదివారం సంతల్లో నిదాన గ్రంథాలు, పాత జర్నల్ సంపుటాలు వెతకండి. మిగతావన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ అనే వైద్య చరిత్ర గ్రంథాలయం సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు. పెట్టుబడిగా కొనాలనుకునేవారికి నా దగ్గర సలహా లేదు. ఈ పుస్తకాలు తొందరగా అమ్ముడుపోవు.

బ్రిటన్, అమెరికాల్లో ఉన్న మనవాళ్లకు రెండో, మూడో దారులు బాగా కలిసొస్తాయి. మన దేశం గురించి రాసినవి ఎక్కువగా లండన్‌లోనే అచ్చయ్యాయి, అక్కడి పాత పుస్తకాల దుకాణాల్లోనే తిరుగుతున్నాయి. మన దేశంలో కొని అక్కడికి తీసుకెళ్లాలంటే మాత్రం జాగ్రత్త. వందేళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్నదేదైనా పైన చెప్పిన 1972 చట్టం కిందికి రావచ్చు. ప్రయాణానికి ముందే పురావస్తు శాఖను అడిగి, పురావస్తువు కాదన్న పత్రం తీసుకోండి. ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ పడటం ఎందుకు.

## డబ్బు పంపేముందు

ఆన్‌లైన్‌లో "1828" అని ఉండి పేపర్‌బ్యాక్ అని కూడా ఉంటే అది నిన్న మొన్న అచ్చువేసిన నకలు. ముఖపత్రం, చివరి పేజీ, అట్ట వెన్ను, ప్రతి చిత్రం ఫోటోలు అడగండి. వెల్‌కమ్‌లో స్కాన్ ఉన్న పుస్తకమైతే దాన్ని తెరిచి పేజీలూ చిత్రాలూ ఒక్కొక్కటే పోల్చండి. గంట పడుతుంది, కానీ ఆ తొమ్మిది చిత్రాల బాధ మీకు రాదు. లైబ్రరీ ముద్ర ఉంటే దాన్ని తొలగించినట్టు మరో ముద్ర ఉందా చూడండి. లేకపోతే ఎలా బయటికి వచ్చిందో అడగండి, సరైన జవాబు రాకపోతే వదిలేయండి.

ఇంటికి వచ్చాక పుస్తకాన్ని నేరుగా బీరువాలో పెట్టకండి. రెండు మూడు వారాలు విడిగా, తెల్ల కాగితం మీద ఉంచండి. కాగితం మీద సన్నటి పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. ఎండిన వేపాకు అరలో వేయొచ్చు, పేజీల మధ్య మాత్రం వద్దు, మరక దిగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉంటే గోడకు ఆనించిన బీరువా వద్దు, వెనక నాలుగు వేళ్ల సందు ఉంచండి. పెళుసు పేజీలకు సెల్లోటేప్ అంటించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నా మాధవనిదానం ప్రతికి నాకంటే ముందు ఎవరో అంటించారు, ఆ పసుపు చారల కింద జ్వరనిదానం మొదటి శ్లోకం ఇప్పుడు చదవడానికి రాదు.